పుట్టక ముందటి పొగ

మా అమ్మాయికి మొదటిసారి ఊపిరి అందకుండా పోయింది మూడేళ్ళ వయసులో. పిల్ల పుట్టింది తెలంగాణ వచ్చిన ఏడు. నేను పశువుల దవాఖానలో సహాయకుణ్ణి. అప్పట్లో గొర్రెల పంపిణీ నడుస్తోంది. లారీల్లో దిగిన గొర్రెల చెవులకు బిళ్ళలు కొట్టడం, కడుపులో పురుగులకు నట్టల మందు తాగించడం, సూదులు వేయడం, పొద్దున పోతే పొద్దుగూకేదాకా ఇదే పని. ఒకరోజు మధ్యాహ్నం నా భార్య ఫోన్ చేసింది.

"పిల్ల మాట్లాడ్తలేదు. కడుపు ఎగరేస్తాంది. జల్ది రా."

చేతులు కూడా కడుక్కోకుండా పోయాను. ఆమె ఒళ్ళో పిల్ల ముందుకు వంగి కూర్చుంది. మెడ కింద గుంట లోపలికి పోతోంది, పక్కటెముకల సందులు లోపలికి పోతున్నాయి. ఏడవడానికి కూడా గాలి చాలడం లేదు. మేముండే కొత్తకోటలోనే ఉన్న పిల్లల డాక్టరు ముఖానికి ముసుగు తొడిగి మందు పొగ పెట్టించాడు. అరగంటకు పిల్ల బిస్కెట్టు అడిగింది. చీటీ మీద ఆయన "ఉబ్బసం కావచ్చు" అని రాసి, కింద గీత గీశాడు.

అది పల్లికాయ పీకే కాలం. ఊరంతా దుమ్ము. మా కిరాయి ఇల్లు హైవేకు రెండు వీధుల ఇవతల. దుమ్ము పడలేదు, అంతే అనుకున్నాం. మూడో రోజున మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. వచ్చిన గంటకు కోడలికి తీర్పు చెప్పేసింది.

"మా ఇంట్ల ఎవ్వలకు దమ్ము లేదు. మీ మామకు లేదు, నాకు లేదు, నా కొడుక్కు లేదు. ముప్పై ఏండ్లు గొర్ల దుమ్ముల పన్నం, తుమ్ము గూడ రాలే. గిది మీ అవ్వ కెల్లి వచ్చింది."

నా భార్యకు తల్లి చిన్నప్పుడే పోయింది. కల్వకుర్తి దగ్గరి పల్లెలో ఆమెను పెంచింది అవ్వ, అంటే అమ్మమ్మ. ఆ ముసలామెకు ఉబ్బసం ఉన్నమాట నిజమే. మనిషి కనబడకముందే పిల్లికూతలాంటి ఊపిరి వినబడేది. పత్తి కట్టెతో, పిడకలతో వంట చేస్తూ నలభై ఏళ్ళు ఒకే గుడిసెలో పొగ మింగిన మనిషి ఆమె.

నా భార్య తల వంచుకుని ఊరుకుంది. అప్పుడు నేను ఒక మాట అన్నాను.

"రక్తంల ఉంటది కదా, అమ్మ అన్నదాంట్ల తప్పేముంది?"

నేను నేర్చుకున్న విద్య అదే. పొట్టేలు మంచిదైతే పిల్లలు మంచివి. పిల్లలో లోపం కనబడితే దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని వెనక్కి చూస్తాం. శిక్షణలో చెప్పింది ఇదే, మా బాపు చెప్పిందీ ఇదే. అందుకే ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. ఆమె మొహం చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

తరువాతి ఐదేళ్ళు ఎట్లా గడిచాయో విడివిడిగా గుర్తులేదు, అన్నీ ఒకే రోజులా ఉంటాయి. పొద్దున మందు పీల్చే పంపు, రాత్రి పంపు, నోరు పుక్కిలించడం, పంపుకు తొడిగే ప్లాస్టిక్ డబ్బా కడిగి నీడలో ఆరబెట్టడం. తెల్లవారుజామున దగ్గు మొదలైతే ఇద్దరం లేచి గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం, పిల్లను మధ్యలో పెట్టుకుని. తెల్లారాక నేను డ్యూటీకి పోయేవాణ్ణి. ఇల్లంతా తడిబట్టతో తుడవడం, దుప్పట్లు వేణ్ణీళ్ళలో నానబెట్టడం, తాలింపు వేసేటప్పుడు పిల్లను వాకిట్లోకి పంపడం, అన్నీ ఆమె చేసేది. శనివారం ఒక్కపొద్దు పట్టింది. మృగశిర నాడు పట్నం పోయి చేపమందు కోసం వరుసలో నిలబడ్డాం. పిల్ల చేపను చూసి నోరు బిగించుకుంది, తెరవనే లేదు. ఎవరు ఏది చెబితే అది చేసేది నా భార్య. ఒకరు పావురాల గాలి మంచిదన్నారు, ఇంకొకరు పావురాల గాలే చెడ్డదన్నారు. ఆమె ఇద్దరికీ తల ఊపింది.

మా అమ్మ వచ్చినప్పుడల్లా పంపును చూసి మొహం చిట్లించేది. "గా పంపు అలవాటైతే ఇగ ఇడువదు. ఆడపిల్ల. రేపు ఎవడు చేసుకుంటడు?" అనేది. ఇంకో మాట కూడా అనేది. "ఆ ముసలామె పక్కన పిల్లను పండబెట్టకు. అంటుకుంటది."

ఉబ్బసం అంటుకునే జబ్బు కాదని నాకు తెలుసు. పశువుల జబ్బుల్లో ఏది అంటుకుంటుందో ఏది అంటుకోదో రోజూ ఊరూరా చెప్పే మనిషిని. మా ఇంట్లో మాత్రం చెప్పలేదు. అప్పటికే అలసిపోయి ఉన్నాను. అమ్మతో వాదించడానికి పట్టే ఓపిక కన్నా, ఊరుకోవడానికి పట్టే ఓపిక తక్కువ.

నా భార్య పిల్లను పుట్టింటికి తీసుకుపోవడం మానేసింది. ముసలామె ఫోన్ చేసేది. మాటకూ మాటకూ మధ్య ఆమె ఊపిరి మాకు స్పీకరులో వినబడేది.

"బిడ్డను తోల్కరావే. ఒక్క పూట సూసి తోలిస్త."

"వానలు తగ్గినంక వస్తమవ్వా." వానలు తగ్గాక చలి తగ్గనీ అనేది. చలి తగ్గాక ఎండలు.

రెండేళ్ళు అట్లాగే గడిచాయి. ఒక వానాకాలం ముసలామె పోయింది. అగరొత్తుల పొగ, చావింటి జనం, పిల్లకు పడదని మా అమ్మ దగ్గర వదిలి నా భార్య ఒక్కతే పోయింది. పెంచిన మనిషి కనుక పెద్దకర్మ దాకా ఉంటుందనుకున్నాను. నాలుగో రోజే వచ్చింది. స్నానం చేసి, బట్టలు పిండి ఆరేసి, పిల్లను స్టూలు మీద నిలబెట్టి సాయంత్రం మందు ఇచ్చింది. "పది లెక్కపెట్టు" అంటున్నప్పుడు ఆమె గొంతు రోజూలాగే ఉంది. నేను ఏమీ అడగలేదు.

పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు, చలికాలంలో, వారంలో రెండుసార్లు దమ్ము వచ్చింది. ఎవరో చెబితే మహబూబ్‌నగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. పిల్లను చూసి, ఛాతీ విని, పక్క గదిలో మందు పొగ పెట్టమంది. నా భార్య పిల్లతో పోయింది. నేను మిగిలాను. డాక్టరమ్మ ఒక పొడుగాటి కాగితం తీసి అడుగుతూ రాయడం మొదలుపెట్టింది. ఇంట్లో కుక్క ఉందా, గోడలకు చెమ్మ ఉందా, తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఎక్కడున్నారు.

"మీరు పొగ తాగుతరా?"

"మానేసిన మేడమ్. పెండ్లికి ముందే."

"మంచిది. ఎన్నేండ్లకు మొదలుపెట్టిన్రు?"

"పదేండ్లకో, పదకొండుకో."

ఆమె పెన్ను ఆపింది. "అంత చిన్నప్పుడా?"

చెప్పాను. మాది గొర్లకాపరుల ఇల్లు. చేలు కోశాక మా పక్క మేత అయిపోయేది. మందను తోలుకుని కల్వకుర్తి మీదుగా, దేవరకొండ మీదుగా హాలియా దాకా నడిచేవాళ్ళం. అక్కడ సాగర్ కాలువ కింద కోసిన వరి మళ్ళలో పచ్చటి మేత. రైతులు ఎరువు కోసం మందను వాళ్ళ పొలంలో పండబెట్టించుకునేవాళ్ళు, గింజలు ఇచ్చేవాళ్ళు. ఒక ఏడాది బడి మానిపించి బాపు నన్ను వెంట తీసుకుపోయాడు. తెల్లవారుజామున ఆయన చేతుల్లో అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు ఉండేవి. "బీడీ ముట్టించుకరా" అనేవాడు. పొయ్యి దగ్గర ముట్టించి తెచ్చేలోపల ఆరిపోకుండా రెండు దమ్ములు గుంజాలి. మొదట్లో దగ్గు వచ్చేది. నెల తిరిగేసరికి దగ్గు పోయింది. మరుసటి ఏడు నా బీడీ నేనే ముట్టించుకున్నాను. ఇరవై నాలుగేళ్ళకు, ఉద్యోగం వచ్చాక, మానేశాను.

ఆమె అంతా విని కాగితం మీద రాసుకుంది.

"మీరు గొర్లకు రంగు పూస్తరు కదా, గుర్తుకు?" అంది.

"పూస్తం."

"గొర్రె మారదు. కానీ ఆ రంగు చూసి దాన్ని ఎటు తోలాల్నో అటు తోల్తరు. మన జన్యువుల మీద కూడ గట్లనే చిన్న చిన్న గుర్తులు పడ్తయి. పొగతోని, దుమ్ముతోని, తిండితోని. జన్యువు మారదు, అది చేసే పని మారుతది. దీన్ని ఎపిజెనెటిక్స్ అంటరు. చాలా గుర్తులు పిల్లల దాక పోకుంట చెరిగిపోతయి. కొన్ని మిగుల్తయేమో అని ఇప్పుడు అనుకుంటున్నరు. మగపిల్లలకు పది నుంచి పద్నాలుగేండ్ల నడుమ, ఒళ్ళు మారే వయసుల తాగిన పొగ, తర్వాత వాళ్ళకు పుట్టే పిల్లల ఊపిరి మీద కూడ పనిచేయొచ్చు అంటున్నరు."

నేను పక్క గది తలుపు వైపు చూశాను.

"మీ పాపకు గందుకే వచ్చిందని నేను చెప్తలేను," అంది ఆమె, నా మొహం చూసి. "ఎవ్వరూ చెప్పలేరు. హైవే ఉంది, దుమ్ము ఉంది, తల్లి వైపు ముసలామెకు ఉండె అన్నరు. అన్నీ కలుస్తయి. కాగితంల రాయాలె కాబట్టి అడిగిన."

తలుపు తోసుకుని పిల్ల వచ్చింది, చెంపల మీద ముసుగు అచ్చులతో. వెనక నా భార్య.

"ఏమన్నది డాక్టరమ్మ?" అని మెట్లు దిగుతూ అడిగింది.

"మందు మార్చింది."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కలు వేసుకున్నాను. డాక్టరే గట్టిగా చెప్పలేనన్నది, నేను ఎట్లా చెబుతాను? చెబితే పిల్లకు తగ్గుతుందా? నేను ఆ వయసులో తెలిసి చేశానా? అన్నీ సరైన ప్రశ్నలే. ఒక్కటి మాత్రం నన్ను నేను అడగలేదు. ఐదేళ్ళుగా ఆమె తల వంచుకుని మోస్తున్నదాంట్లో సగమైనా నాది కావచ్చని తెలిసిన తరువాత కూడా, ఆమెను అట్లాగే మోయనివ్వడం ఏమిటని.

కొత్త మందు పనిచేసింది. దమ్ము రావడం తగ్గింది. తగ్గింది కాబట్టి చెప్పే అవసరం లేదనిపించింది. మా అమ్మ ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటిలాగే "వాళ్ళ అవ్వ పోలిక" అని పోయేది. ఆ మాట వినబడినప్పుడల్లా నేను లేచి నల్లా దగ్గరికో, మేడ మీదికో పోయేవాణ్ణి.

వానాకాలం మొదట్లో మా ఊళ్ళో గొర్రెలకు సూదులు వేయడానికి పోయినప్పుడు బాపు దగ్గర కూర్చున్నాను. ఆయనకు ఇప్పుడు మంద లేదు, దొడ్డిలో పన్నెండు జీవాలు ఉన్నాయి. పొద్దంతా వాటి మధ్యనే మంచం వేసుకుని ఉంటాడు.

"బాపూ, నాకు బీడీ ఎప్పుడు అలవాటైంది?"

"నన్నడుగుతవేంది? హాలియా పోయిన ఏడు. ముట్టించుకరమ్మంటే సగం నువ్వే గుంజి తెచ్చేటోనివి." నవ్వాడు.

డాక్టరమ్మ చెప్పింది ఆయనకు చెప్పాను. రంగు గుర్తుల సంగతి చెబితే వెంటనే అర్థం చేసుకున్నాడు. నవ్వు పోయింది. దొడ్డిలో ఒక మేక గడ్డి మోపు లాగుతుంటే దాన్ని అదిలించలేదు.

"అయితే నేనేనారా?"

"నువ్వు కాదు బాపూ."

"ముట్టించుకరమ్మన్నది నేనే గద." తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చలి ఎట్లుండె గప్పుడు. కాలువ గాలి. కడుపుల అంబలి చుక్క లేకుంటె గా పొగనే. నాకు మా నాయిన గట్లనే ఇచ్చిండు. ఎవనికెరుక, గది ఇంకా పుట్టని పిల్ల దాంక పోతదని?"

ఆయన మొహం చూస్తుంటే ఎందుకు చెప్పానా అనిపించింది. నా మీద ఉన్నదాన్ని దించుకోవడానికి డెబ్బై ఏళ్ళ మనిషి నెత్తిన పెట్టాను. ఆయన తరువాత వాళ్ళ నాయిన మీద పెడతాడు. ఇది ఎక్కడ ఆగుతుంది? సూదుల పెట్టె పట్టుకుని లేచాను. ఆయన వెనక నుంచి అన్నాడు.

"కోడలికి చెప్పినవా?"

"లేదు."

"చెప్పు. నాకు చెప్పినదానికంటే ముందు ఆమెకు చెప్పాలె."

ఇంకో రెండు వారాలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్ల పక్కింట్లో ఆడుకుంటోంది. నా భార్య బకెట్టు ముందు పీట వేసుకుని పంపు డబ్బాను సబ్బు నీళ్ళలో కడుగుతోంది. గడప మీద కూర్చుని చెప్పాను. కాగితం, పెన్ను ఆగడం, పదేళ్ళ వయసు, గుర్తులు. డాక్టరు గట్టిగా చెప్పలేనన్న మాట కూడా చెప్పాను, అది కొంచెం ఎక్కువగానే చెప్పాను.

ఆమె డబ్బాను నీళ్ళలో నుంచి తీసి, దులిపి, బట్ట మీద బోర్లించింది.

"ఎన్ని రోజులైంది డాక్టరమ్మ చెప్పి?"

"మొదలు పోయినప్పుడే. చలికాలం."

వేళ్ళ మీద లెక్క చూసుకుంది.

"బీడీ నువ్వు చిన్నగున్నప్పుడు తాగినవ్. ఎరుక లేదు. దానికి నిన్ను ఏమంట? గీ ఎనిమిది నెలలు ఎరుకుండి ఊకున్నవ్."

డబ్బాకు తొడిగే ముసుగును తీసి నీళ్ళలో ముంచింది.

"మా అవ్వ ఫోన్ల బతిమిలాడింది," అంది. "నేనే ఆమెను వద్దనుకున్న అనుకుంటనే పానం ఇడిసింది. గప్పుడు నీకు తెల్వదు, సరే. కానీ దమ్ము అంటుకోదని తెల్సు గద? తెల్సా లేదా?"

"తెలుసు."

ఆమె బకెట్టు నీళ్ళు మోరీలో పారబోసింది. అరవలేదు, ఏడవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. లోపలికి పోతూ అంది, "మీ అమ్మకు చెప్పు. నా ముంగట చెప్పు."

మరుసటి ఆదివారం ఊరికి పోయాం. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది.

"పొగ తాగింది నువ్వైతే దమ్ము పిల్లకెట్ల వస్తది? నీకు రావాలె గద? గా డాక్టరు సక్కగ చదివిందా లేదా?"

మంచం మీద నుంచి బాపు అన్నాడు, "నిజమే కావొచ్చు. నేనే ముట్టించుకరమ్మన్న."

అమ్మ ఆయన్ను చూసింది, నన్ను చూసింది. చేటలో చెయ్యి ఆగిపోయింది. చేట పక్కన పెట్టి కోడలి వైపు తిరిగింది.

"అయితే మీ అవ్వ కెల్లి గాదా?"

"ఎవ్వల కెల్లి వచ్చిందో ఎవ్వలకు తెల్వదత్తా. అవ్వ కెల్లి కూడ కొంత ఉండొచ్చు. ఉన్నా ఆమె నన్ను సాదింది. పిల్లను ఒక్కపాలి ఒళ్ళె పండబెట్టుకుంటనంటే ఇయ్యలే నేను."

అమ్మ క్షమాపణ చెప్పలేదు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు కోడళ్ళకు అట్లా చెప్పరు. ఆ రోజు అన్నం మాత్రం తనే వడ్డించింది, కోడల్ని లేవనివ్వలేదు. ఆ తరువాత ఇప్పటివరకు ఆ ముసలామె మాట ఆమె నోట రాలేదు. పోయిన ఏడు ఒకసారి వచ్చినప్పుడు, పంపు ఎట్లా పట్టాలో చూపించమని కోడల్ని అడిగింది. మూడుసార్లు తప్పుగా పట్టి నాలుగోసారి సరిగ్గా పట్టింది.

నా భార్య ఆ నెలంతా నాతో అవసరమైనంతే మాట్లాడింది. దసరా సెలవుల్లో పిల్లను తీసుకుని కల్వకుర్తి పోయింది, నన్ను రమ్మనలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె మేనమామ ఉంటున్నాడు. అమ్మమ్మ పడుకునే చోటే ఇద్దరూ చాప వేసుకుని పడుకున్నారట. రెండో రోజు పిల్లకు కొంచెం ఆయాసం వచ్చిందట, పంపు తీసుకుని మళ్ళీ ఆటకు పోయిందట. ఈ సంగతులు నాకు చెప్పింది పిల్లే.

ఈ చలికాలం మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు ముగ్గురం లోపలే కూర్చున్నాం. ఊపిరి ఊది చూసే పరీక్ష పిల్లే చేసింది. మందు కొంచెం తగ్గించింది డాక్టరమ్మ. నా భార్య అడిగింది.

"మేడమ్, ఈయన నుంచి పిల్లకు వచ్చినట్టు, రేపు పిల్ల నుంచి దాని పిల్లలకు పోతదా?"

"చెప్పలేనమ్మా. పడ్డ గుర్తులు చెరుగుతయి కూడ. పొగ లేకుంట చూడుండ్రి, మందు మానకుండ్రి, బాగా తిననీయండ్రి. నాకు తెలిసింది గంతే."

"నేనింకా ఆరో తరగతి," అంది పిల్ల, చిరాగ్గా. డాక్టరమ్మ నవ్వింది. నా భార్య కూడా కొంచెం నవ్వింది.

ఇప్పుడు పొద్దున మందు ఇప్పించడం నా వంతు. ఎప్పుడు నా వంతయిందో మేము మాట్లాడుకోలేదు. ఒక రోజు ఆమె లేవలేదు, నేను లేచాను, అంతే. పిల్ల తనే పీల్చుకోగలదు కానీ ఎవరూ చూడకపోతే ఎగ్గొడుతుంది, పుక్కిలించకుండా పారిపోతుంది. పక్కన నిలబడి పది లెక్కపెట్టిస్తాను. ఆమె ఆ అరగంట ఎక్కువ పడుకుంటుంది. ఒక్కోసారి మెలకువగానే ఉంటుంది, అటు తిరిగి. నేను పిలవను. పిల్లను బడి ఆటో ఎక్కించి, స్టవ్ మీద చాయ పెట్టి, డ్యూటీ బట్టలు వేసుకుంటాను.